రష్యన్ ఓనర్ల యాట్‌ల మీద ఆంక్షలు పడ్డాక అందులో పనిచేసేవాళ్లకి ఏమైంది

మీరు అడిగినవి రెండు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వల్ల రష్యన్ కోటీశ్వరుల మీద సాంక్షన్లు పడ్డాక ఈ లగ్జరీ యాట్‌ల (డబ్బున్నోళ్లు సొంతానికి కట్టించుకునే విలాస ఓడల) ఇండస్ట్రీ పడిపోయిందా అన్నది ఒకటి. మీ తమ్ముడికి ఒక యాట్‌లో థర్డ్ ఇంజనీర్‌గా ఆఫర్ వచ్చింది, ఓనర్ రష్యన్ అని ఏజెంట్ నోటిమాటగా చెప్పాడు, చేరొచ్చా అన్నది రెండోది. రెండోదానికి జవాబు మొదటిదాంట్లోనే ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి, పెద్దదే రాస్తున్నా.

మాది వైజాగ్. మర్చంట్ నేవీలో ఇంజిన్ సైడ్ పదమూడేళ్లు తిరిగి, తర్వాత దుబాయ్‌లో మెరైన్ సర్వేయర్‌గా సెటిలయ్యాను. అంటే ఓడ ఏ కండిషన్లో ఉందో చూసి ఇన్సూరెన్స్ వాళ్లకో, కొనేవాళ్లకో రిపోర్ట్ రాసే పని. మొదట్లో అన్నీ కార్గో షిప్పులే, 2016 తర్వాత యాట్‌లు కూడా రావడం మొదలైంది. అందుకని నాకు ఇది డబ్బున్నోళ్ల కబుర్ల కంటే ఇంజిన్ రూమ్ వైపు నుంచే ఎక్కువ తెలుసు, ఆ వైపు నుంచే చెప్తా.

ముందు మొదటిదానికి సూటిగా: ఇండస్ట్రీ పడిపోలేదు. 24 మీటర్లు దాటిన యాట్‌లు ప్రపంచం మొత్తం మీద ఎన్ని కడుతున్నారు, ఎన్ని ఆర్డర్‌లో ఉన్నాయి అని బోట్ ఇంటర్నేషనల్ అనే పత్రిక ఏటా లెక్క తీస్తుంది. 2022 లెక్కలో 1,024 ఉన్నాయి, యుద్ధం మొదలయ్యాక వచ్చిన 2023 లెక్కలో 1,203. అంటే పెరిగాయి. తర్వాత రెండేళ్లు కొంచెం తగ్గి 1,166, 1,138 అయ్యాయి, అయినా యుద్ధానికి ముందు కంటే ఎక్కువే. ఎందుకంటే కోవిడ్ టైంలో షేర్ మార్కెట్లు పెరిగి అమెరికా వాళ్ల చేతిలో డబ్బు విపరీతంగా చేరింది, జనం మధ్యకి వెళ్లకుండా కుటుంబంతో సముద్రం మీద ఉండొచ్చు అన్న ఆలోచన కూడా అప్పుడే బాగా పట్టుకుంది, యార్డులన్నీ మూడు నాలుగేళ్లకి సరిపడా ఆర్డర్లతో నిండిపోయి ఉన్నాయి. సరిగ్గా ఆ టైంలో రష్యన్లు పక్కకి వెళ్లిపోయారు. 2009 మాంద్యం లాంటి టైంలో ఇదే జరిగుంటే ఎన్ని యార్డులు మూతపడేవో చెప్పలేం.

కానీ ఆ మొత్తం అంకె ఒక విషయాన్ని కప్పేస్తుంది. యాట్‌ల సంఖ్యలో చూస్తే రష్యన్ ఓనర్లు మైనారిటీయే, సైజు పెరిగేకొద్దీ మాత్రం వాళ్ల పేర్లు ఎక్కువ కనిపిస్తాయి. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూసే ఉంటారు, దాని పొడవు 91 మీటర్లు. ఉస్మానోవ్ అనే రష్యన్ కుబేరుడిది అని చెప్పే దిల్‌బార్ 156 మీటర్లు. అబ్రమోవిచ్ ఎక్లిప్స్ 162 మీటర్ల పైన. మెల్నిచెంకో సెయిలింగ్ యాట్ ఎ 143, మొర్దాషోవ్ నార్డ్ 142. ఇలాంటివి కట్టగలిగే యార్డులు ప్రపంచంలో చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, జర్మనీలో లూర్సెన్, హాలండ్‌లో ఓషన్‌కో, ఫెడ్‌షిప్, ఇంకొన్ని. ఇటలీలో 30, 40 మీటర్లవి కట్టేవాళ్లకి పెద్దగా తగల్లేదు, ఉత్తర యూరప్‌లో ఈ పెద్ద సైజు వాళ్లకే తగిలింది.

ఎలా తగిలిందంటే, ఇంత పెద్దది కట్టడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, డబ్బు ఒకేసారి ఇవ్వరు, కాంట్రాక్ట్ సైన్ చేసినప్పుడు కొంత, కీల్ (అడుగు దూలం) వేసినప్పుడు కొంత, హల్ (ఓడ బాడీ) పూర్తయినప్పుడు, నీళ్లలో దించినప్పుడు, చివర డెలివరీకి ఇంకొంత. మన దగ్గర అపార్ట్‌మెంట్‌కి స్లాబ్ లెక్కన కట్టినట్టే. మధ్యలో కొనేవాడి పేరు సాంక్షన్ లిస్టులోకి ఎక్కిందనుకోండి, యార్డు అతని దగ్గర డబ్బు తీసుకోకూడదు, ఓడ అప్పగించకూడదు, అలాగని ఇంకొకరికి అమ్మేయడానికి ఓడ పూర్తిగా యార్డుది కాదు. సగం కట్టిన ఓడ షెడ్డులో అలాగే కూర్చుంటుంది, ఆ షెడ్డులో తర్వాతి ఆర్డర్ మొదలెట్టడానికి లేదు. 2022 ఏప్రిల్‌లో డచ్ ప్రభుత్వం వాళ్ల పార్లమెంటుకి చెప్పిన లెక్క ప్రకారం ఒక్క హాలండ్‌లోనే 14 యాట్‌లు కదలకుండా కస్టమ్స్ నిఘాలో ఉన్నాయి, అందులో 12 ఇంకా కడుతున్నవే. యార్డుకి బ్యాంకులు ఉంటాయి, లాయర్లు ఉంటారు, తట్టుకుంటుంది. దాని కింద సబ్ కాంట్రాక్ట్ తీసుకునే వడ్రంగి పనివాళ్లు, పెయింట్ వాళ్లు, సోఫాలు కుట్టేవాళ్లు, ఏసీ పైపులు వేసేవాళ్లు చిన్న చిన్న కంపెనీలు, పదిమంది ఇరవై మంది పనిచేసేవి. ఒక్క పెద్ద ప్రాజెక్ట్ బిల్లు ఆర్నెల్లు ఆగితే వాళ్ల సంగతేంటో సైట్ మీద మేస్త్రీగా చేసిన ఎవర్ని అడిగినా చెప్తారు.

ఇప్పుడు అసలు చిక్కు, ఓనర్ ఎవరు అన్నది. దీనికి మనకి చక్కటి మాట ఉంది, బినామీ. పెద్ద యాట్ ఏదీ మనిషి పేరు మీద ఉండదు. కేమన్ దీవుల్లో ఒక కంపెనీ, ఆ కంపెనీ షేర్లు ఇంకో దేశంలో ఒక ట్రస్టులో, ట్రస్టు లబ్ధిదారు భార్యో చెల్లెలో కూతురో. ఇందులో చాలావరకు టాక్స్ కోసం, ప్రైవసీ కోసం, రష్యన్లే కాదు అందరూ చేసేదే. 2022 దాకా మా ఫీల్డ్‌లో ఓనర్ ఎవరని అడగడమే మర్యాద కాదన్నట్టు ఉండేది, కెప్టెన్ కూడా 'ప్రిన్సిపల్' అనేవాడు తప్ప పేరు చెప్పేవాడు కాదు. దిల్‌బార్ విషయంలో జర్మనీ పోలీసులు ఆ గొలుసు తవ్వి, అది ఉస్మానోవ్ చెల్లెలి పేరు మీద ట్రస్టులోకి వెళ్తోందని చెప్పాకే 2022 ఏప్రిల్‌లో ఫ్రీజ్ ఖాయమైంది. అదే చెల్లెలి పేరు 2025 మార్చిలో ఈయూ తన లిస్టు నుంచి తీసేసింది. ఇలా ఒక పేరు ఎక్కడం దిగడం మీద 156 మీటర్ల ఓడ బతుకు ఆధారపడి ఉంటుంది.

ఇంకొకటి జనం ఎక్కువగా పొరబడేది. టీవీలో 'యాట్ సీజ్ చేశారు' అనగానే ప్రభుత్వం లాగేసుకుంది, రేపు అమ్మేస్తుంది అనుకుంటారు. మన ఈడీ కేసులు గుర్తు తెచ్చుకోండి, ఆస్తి అటాచ్ చేయడం వేరు, కోర్టులో నేరం తేలాక జప్తు చేయడం వేరు. యూరప్‌లో జరిగింది చాలావరకు మొదటిది. ఇటలీ 2022 మార్చిలో ట్రియెస్టెలో సెయిలింగ్ యాట్ ఎ ని పట్టుకుంది, విలువ 530 మిలియన్ యూరోలు అని వాళ్లే చెప్పారు. ఫ్రాన్స్ లా సియోటాలో ఆమోరె వేరోని పట్టుకుంది, రష్యా చమురు కంపెనీ రోస్‌నెఫ్ట్ పెద్ద ఇగోర్ సెచిన్‌కి సంబంధించిన కంపెనీది అని. అది రిపేరుకి వచ్చి ఏప్రిల్ 1 దాకా ఉండాల్సింది, పని పూర్తవకుండానే మార్చి మొదట్లో హడావిడిగా బయల్దేరబోతుంటే కస్టమ్స్ వాళ్లు ఆపేశారు. ఇలాంటి కేసుల్లో ఫ్రీజ్ అంటే ఓనర్‌షిప్ మారినట్టు కాదు. వాడుకోలేడు, అమ్ముకోలేడు, అద్దెకి ఇచ్చుకోలేడు, అంతవరకే. ప్రభుత్వం కూడా అమ్మడానికి వీల్లేదు.

మరి ఖర్చు ఎవరిది? ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నా పని ఇదే, ఓడని చూడనివాళ్లకి ఇది అర్థం కాదు.

ఫైనాన్స్ వాళ్లు పట్టుకుపోయిన లారీ యార్డులో ఏడాది పడుంటే టైర్లు దిగుతాయి, బ్యాటరీ పోతుంది, మహా అయితే తుప్పు. యాట్ అలా కాదు. అది ఉప్పునీళ్లలో ఉంది, లోపల అయిదు నక్షత్రాల హోటల్ ఉంది. ఏసీ ఒక్క వారం ఆగితే చెక్క మీద అతికించిన సన్నటి వెనీర్ బుడగలు లేస్తుంది, తోలు సోఫాలకి బూజు, కార్పెట్ వాసన. ఏసీ నడవాలంటే జనరేటర్ నడవాలి, లేదా ఒడ్డు నుంచి కరెంటు తీసుకోవాలి. జనరేటర్ చల్లబడటానికి సముద్రపు నీళ్లు లాగాలి, ఓడ కదలకపోతే ఆ నీళ్లు వచ్చే రంధ్రాల దగ్గర పాచి, గవ్వల్లా అంటుకునేవి పెరిగి మూసేస్తాయి, అప్పుడు జనరేటర్ వేడెక్కి ట్రిప్ అవుతుంది. హల్‌కి కట్టిన జింక్ ముక్కలు అరిగిపోతే తర్వాత ఉప్పునీళ్లు తినేది అసలు లోహాన్నే. మన ఫిషింగ్ హార్బర్‌లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో బోటు వాళ్లు ఏం చేస్తారో గమనించండి, ఖాళీగా ఉన్నాం కదా అని ఊరుకోరు, బోటు పైకి లాగి అడుగు గీకి రంగు వేస్తారు. రెండు నెలలకే అంత పని. మరి వంద మీటర్ల ఓడ రెండేళ్లు, మూడేళ్లు నిలబడితే?

అందుకే ఇండస్ట్రీలో మోటు లెక్క ఒకటి వాడతారు, కొన్న ధరలో ఏడాదికి పదో వంతు నడపడానికే పోతుంది అని. దిల్‌బార్ మీద 2022 మార్చిలో అమెరికా ట్రెజరీ చెప్పిన అంచనా చూడండి, విలువ 600 నుంచి 735 మిలియన్ డాలర్లు, ఏడాది ఖర్చు సుమారు 60 మిలియన్లు, అప్పటి లెక్కలో 450 కోట్ల రూపాయల పైమాటే. ఫ్రీజ్ అయ్యాక ఇంత అవ్వదు, కనీసం మెయింటెనెన్స్ మాత్రం తప్పదు. ఇటలీలో ప్రభుత్వ ఆస్తుల సంస్థ తన డబ్బుతో చూసుకుంటుంది, ఫ్రీజ్ ఎత్తేశాక ఓనర్ దగ్గర వసూలు చేసుకోవాలి. అమెరికా అయితే అమాడియా అనే 106 మీటర్ల యాట్‌ని ఫిజీలో పట్టుకుని 2022 జూన్‌లో శాన్ డియెగోకి తీసుకెళ్లింది, కెరిమోవ్ అనే రష్యన్ కుబేరుడిది అని వాళ్ల వాదన, కాదు నాదని ఖుదైనతోవ్ అనే ఇంకో రష్యన్ కోర్టుకెక్కాడు. ఆ కేసు నడిచినన్నాళ్లూ నెలకి ఆరు లక్షల డాలర్లు మెయింటెనెన్స్‌కి, ఇంకా లక్షా నలభై వేల పైన ఇన్సూరెన్స్‌కి అమెరికా ప్రభుత్వమే కట్టింది, ఈ ఖర్చు భరించలేం, అమ్ముకోనివ్వండి అని కోర్టుని అడిగింది కూడా. 2025 మార్చిలో గానీ ఆ జడ్జి ఖుదైనతోవ్‌కి అసలు హక్కు లేదని తేల్చలేదు. మూడేళ్లు!

అమ్ముడుపోయినవి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మొదట అమ్మకం అయ్యింది ఆక్సియోమా, 72 మీటర్లు, పంప్యాన్‌స్కీ అనే ఉక్కు పైపుల వ్యాపారిది. దాన్ని జిబ్రాల్టర్‌లో వేలం వేసింది సాంక్షన్ కింద అనుకుంటారు, కాదు. జేపీ మోర్గాన్ బ్యాంకుకి 20.5 మిలియన్ యూరోల లోన్ బాకీ ఉంది, బ్యాంకు వాళ్లు ఓడని కోర్టు ద్వారా అరెస్ట్ చేయించి 2022లోనే 37.5 మిలియన్ డాలర్లకి అమ్మించారు. అదే లోన్ లేకుండా ఉండుంటే ఇప్పటికీ అక్కడే ఉండేదేమో. ఇక ఆల్ఫా నీరో కథ ఇంకా బాధ. 81 మీటర్లు, ఎరువుల వ్యాపారి గురియెవ్‌కి సంబంధించిందని ఆంక్షలు పెట్టారు, కరీబియన్‌లో ఆంటిగ్వా అనే బుల్లి దేశం రేవులో వదిలేసి పోయారు. దాని జనాభా సుమారు లక్ష, మన ఒక మాదిరి మున్సిపాలిటీ అంత. ఆ దేశం నెలకి లక్ష డాలర్లకి పైగా పెట్టి డీజిల్ కొట్టించి, మనుషుల్ని పెట్టి కాపాడింది, మునిగితే రేవు పాడవుతుందని భయం. 2023లో చట్టం మార్చి మరీ వేలం వేస్తే గూగుల్ పాత సీఈవో ఎరిక్ ష్మిట్ 67.6 మిలియన్ డాలర్లకి పాడాడు. వెంటనే గురియెవ్ కూతురు కోర్టుకి వెళ్లింది, ష్మిట్ వెనక్కి తగ్గాడు. చివరికి 2024లో ఒక టర్కీ వ్యాపారి 40 మిలియన్లకి కొన్నాడు. ఏడాదిలో 27 మిలియన్లు పోయాయి, అదీ తప్పేం చేయని చిన్న దేశానికి రావాల్సినవి. ఈ ఆంక్షలు రాసినవాళ్లు ఓడ పట్టుకున్న మర్నాడు ఏం చెయ్యాలో రాయలేదు అన్నది నా గట్టి అభిప్రాయం. యుద్ధం చేసినవాళ్ల వెనకున్న డబ్బుని పట్టుకోవడం తప్పని నేను అనను, ఉక్రెయిన్ సీమెన్‌తో కలిసి ఏళ్ల తరబడి పనిచేశా, వాళ్ల ఊళ్లు ఏమయ్యాయో నాకు తెలుసు. పట్టుకున్నదాన్ని ఏళ్ల తరబడి నీళ్లలో నానబెడితే ఆ డబ్బు ఉక్రెయిన్‌కీ చేరదు, ఎవరికీ చేరదు అనే నా బాధ.

పట్టుబడనివి ఎటు పోయాయి అంటే టర్కీ, దుబాయ్, మాల్దీవులు, రష్యా రేవులు. అబ్రమోవిచ్ ఇంకో యాట్ సొలారిస్ 2022 మార్చిలో బార్సిలోనా నుంచి బయల్దేరి మాంటెనిగ్రో మీదుగా టర్కీలో బోద్రుమ్ చేరింది, అక్కడ కొంతమంది ఉక్రెయిన్ పిల్లలు చిన్న రబ్బరు బోటులో అడ్డంగా వెళ్లి జెండాలు చూపించారు. నార్డ్ సీషెల్స్ నుంచి వ్లాదివోస్తోక్, అక్కణ్నుంచి 2022 అక్టోబర్‌లో హాంకాంగ్ వెళ్లింది, ఐక్యరాజ్యసమితి పెట్టని ఆంక్షలు మాకు వర్తించవని అక్కడి ప్రభుత్వం చెప్పేసింది. అప్పటికే అది కేమన్ జెండా, అంటే అక్కడి రిజిస్ట్రేషన్, తీసేసి రష్యా జెండా పెట్టుకుంది. లిస్టులో లేనివాళ్లకీ ఇబ్బందులే. నార్వేలో నార్విక్ రేవులో రాగ్నార్ అనే యాట్ ఓనర్ అప్పటికి ఈయూ లిస్టులో లేడు, అయినా అక్కడి డీజిల్ అమ్మేవాళ్లు ఒక్కరూ నూనె పొయ్యలేదు, వారాల తరబడి అక్కడే ఉండిపోయింది. లండన్‌లో ఫై అనే 58 మీటర్ల యాట్ ఓనర్ కూడా లిస్టులో లేడు, రష్యాకి సంబంధించిన మనిషి అన్న కారణంతో ఆపారు, 2025 జూలైలో బ్రిటన్ సుప్రీం కోర్టు కూడా అది సరైనదే అంది. ఇది గుర్తుపెట్టుకోండి, మీ తమ్ముడి విషయంలో పనికొస్తుంది.

దుబాయ్‌లో ఏం జరిగిందో నేను దగ్గర్నుంచి చూసింది చెప్తా. ఇక్కడ ఫ్రీజ్ లేదు, కాబట్టి యాట్‌లు హాయిగా ఉన్నాయి అనుకుంటారు బయటివాళ్లు. ఓడ అంటే దాని చుట్టూ కాగితాల గొలుసు. ఓడ కండిషన్ తనిఖీ చేసే క్లాస్ సొసైటీ సర్టిఫికెట్ ఉంటేనే ఇన్సూరెన్స్, ఇన్సూరెన్స్ ఉంటేనే ఫ్లాగ్ (జెండా), ఫ్లాగ్ ఉంటేనే పోర్టు బయటికి వదులుతుంది. ఆ క్లాస్ వాళ్లు, ఇన్సూరెన్స్ వాళ్లు, మంచి ఫ్లాగులు దాదాపు అన్నీ లండన్, యూరప్ చుట్టూనే ఉన్నాయి. ఓడ దుబాయ్‌లో ఉన్నా గొలుసు అక్కడ తెగుతుంది. 2023లో ఒక బ్రోకర్ పిలిస్తే అరవై మీటర్ల పైనున్న యాట్ ఒకదానికి కండిషన్ సర్వేకి వెళ్లా. దాన్ని చూసుకునే యూరప్ మేనేజ్‌మెంట్ కంపెనీ ఒక ఈమెయిల్ పెట్టి తప్పుకుందట, ఇరవై మంది క్రూలో నలుగురు మిగిలారు. జూలై నెల, గాల్లో తేమ ఎలా ఉంటుందో గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. రెండు ఏసీ ప్లాంట్లలో ఒకటి పోయింది, స్పేర్ పార్ట్ జర్మనీ నుంచి రావాలి, వాళ్లు పంపం అన్నారు. మెయిన్ సెలూన్‌లో, అంటే పెద్ద హాల్లో, గోడ చెక్క చేత్తో ముట్టుకుంటే పొరలుగా ఊడి వస్తోంది. ఇంజిన్ రూమ్ మాత్రం నేల మీద భోజనం చేయొచ్చు అంత శుభ్రంగా ఉంది. ఎవరయ్యా ఇక్కడ చూసేది అంటే ఒక కుర్రాడు వచ్చాడు, మాట వినగానే మనవాడని తెలిసిపోయింది, సోంపేట అట. అయిదు నెలలు జీతం లేదు. ఓనర్ ఇవ్వనని అనలేదు, పంపిస్తున్నాడు, యూరోల్లో పంపితే మధ్యలో ఏదో బ్యాంకు ఆపి వెనక్కి పంపేస్తోంది. వీడు దిగిపోతే జనరేటర్ చూసేవాడు లేడు, దిగిపోతే జీతం రాదేమో అని భయం, ఇంటి దగ్గర చెల్లి పెళ్లికి తెచ్చిన అప్పు. ఆ సర్వే ఫీజు నాకు కూడా రాలేదు, అది పోనివ్వండి. ఆ పిల్లాడి ముఖం మాత్రం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

అలాంటి వాళ్లకోసమే మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. అది వర్తించే ఓడలో రెండు నెలల జీతం ఇవ్వకపోతే క్రూని వదిలేసినట్టే లెక్క, ఓడకి ఉన్న ఇన్సూరెన్స్ నుంచి నాలుగు నెలల దాకా జీతం, ఇంటికి టికెట్ రావాలి. అయితే ఆ ఇన్సూరెన్సే ముందు రద్దయితే? ఇన్సూరెన్స్ వాళ్లు 30 రోజుల నోటీసు ఇచ్చి తప్పుకోవచ్చు. అందుకని నోటీసు వచ్చిన రోజే క్లెయిమ్ పెట్టాలి, ఓనర్ మంచోడు ఇస్తాడు అని ఆగకూడదు. సోంపేట కుర్రాడు ఆగాడు. మేం కొందరం కలిసి ఐటీఎఫ్ (అంతర్జాతీయ రవాణా కార్మికుల సంఘం) వాళ్లకి కాగితాలు పెట్టించి, చివరికి మూడు నెలల జీతంతో ఇంటికి పంపాం. మిగతా రెండు పోయినట్టే.

మొదట చెప్పిన దిల్‌బార్‌లో కూడా దాదాపు వంద మంది క్రూకి 2022 మార్చిలోనే పని పోయింది. ఇండస్ట్రీ పడిపోలేదు అని అంకెలు చూపించేటప్పుడు ఈ వందలూ వేలూ ఎక్కడా కనిపించవు, వాళ్లలో చాలామంది తర్వాత అమెరికన్ల యాట్‌లలో కుదురుకున్నారు, పాస్‌పోర్టు బలం ఉన్నవాళ్లు. మనవాళ్లకీ ఫిలిప్పీన్స్ వాళ్లకీ అంత సులువు కాలేదు.

ఒక మంచి మార్పు వచ్చింది, అది ఒప్పుకోవాలి. ఇప్పుడు ఓనర్ ఎవరని అడగడం తప్పు కాదు, అడక్కపోవడమే తప్పు. 2022 జూన్‌లో అమెరికా మొనాకోలోని ఇంపీరియల్ యాట్స్ అనే బ్రోకర్ కంపెనీనే లిస్టులో పెట్టింది. 2023 జనవరిలో వెక్సెల్‌బర్గ్ అనే రష్యన్ కుబేరుడి యాట్ టాంగోని చూసుకున్న ఇద్దరిమీద కేసు పెట్టింది, బ్యాంకులకి తెలియకుండా బిల్లుల్లో టాంగో అని రాయకుండా ఫాంటా అని రాశారని ఆరోపణ. అప్పటినుంచి ఏ పెయింట్ షాపు వాడైనా, నాలాంటి సర్వేయరైనా ముందు చివరి లబ్ధిదారు ఎవరో కాగితం మీద సంతకం అడుగుతున్నాడు. అమెరికా 2025 ఫిబ్రవరిలో ఈ పనికోసం పెట్టిన ప్రత్యేక టాస్క్‌ఫోర్స్‌ని ఎత్తేసింది, కానీ బ్యాంకులు, ఇన్సూరెన్స్ వాళ్ల అలవాటు మారలేదు, యూరప్ రూల్సూ అలాగే ఉన్నాయి.

ఇక మీ తమ్ముడి సంగతి. ఓనర్ రష్యన్ అయినంత మాత్రాన వద్దని నేను చెప్పను, ఏ లిస్టులోనూ లేని రష్యన్లు చాలామంది ఉన్నారు, జీతాలు బాగా ఇచ్చేవాళ్లు కూడా. కానీ ఓనర్ ఎవరో ఏజెంటు నోటిమాటగా మాత్రమే చెప్పి కాగితం మీద చూపించకపోతే అక్కడే ఆగండి. ముందు ఆ ఏజెంట్‌కి మన నౌకాయాన శాఖ డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ (సీమెన్‌ని రిక్రూట్ చేసే లైసెన్స్) నంబరు ఉందా అని డీజీ షిప్పింగ్ సైట్‌లో మీరే చూడండి, వాడు పంపిన ఫోటో నమ్మొద్దు. తర్వాత యాట్ పేరు, ఐఎంఓ నంబరు (ఓడ గుర్తింపు నంబరు) అడగండి, పేరు మారుతుంది గానీ ఆ నంబరు ఓడ పుట్టినప్పటి నుంచీ మారదు, దాంతో పాత పేర్లు, పాత జెండాలు బయటపడతాయి. రెండేళ్లలో రెండు మూడు జెండాలు మార్చిందంటే ఎందుకని అడగండి. ఎంప్లాయ్‌మెంట్ అగ్రిమెంట్‌లో జీతం ఇచ్చే కంపెనీ పేరు, ఏ దేశం బ్యాంకు నుంచి, ఏ కరెన్సీలో వస్తుందో ఉండాలి. పైన చెప్పిన లేబర్ కన్వెన్షన్ కింద జీతాలకి, టికెట్‌కి ఉన్న ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ కాపీ అడగండి, ఎంప్లాయర్ మీద నమ్మకం లేక కాదు, అది ఓడలో అందరికీ కనిపించేలా అతికించాల్సిన కాగితమే, దాచాల్సింది ఏం లేదు. ఏజెంటు డబ్బులు అడిగితే ఇంకేం ఆలోచించకండి, వదిలేయండి, సీమాన్ దగ్గర ఉద్యోగానికి డబ్బు తీసుకోవడం చట్టం ప్రకారమే తప్పు.

చేరాక కూడా జీతం ఒక నెల ఆలస్యమైతే అడగమనండి, రెండో నెల కూడా రాకపోతే ఐటీఎఫ్‌కి, డీజీ షిప్పింగ్‌కి మెయిల్ పెట్టి దిగిపొమ్మనండి. ఐఎంఓ నంబరు దొరికాక ఇక్కడే పెట్టండి, నేను రిజిస్ట్రీలో చూసి దాని క్లాస్ ఇంకా ఉందా, సస్పెండ్ అయిందా అన్నది చెప్తా.